తవుడు బండిలో బాస్ పెట్టె

ఆ పెట్టె మా ఇంటికొచ్చిన రోజు నేను మా ఆయన ముఖం చూడలేదు. అన్నం వడ్డించాను, మంచినీళ్ళు పెట్టాను, గేటు వేశారా అని అడిగాను, అన్నీ గోడవైపు చూస్తూనే. మిక్సీ మూత విరిగిపోతే అరచెయ్యి అదిమిపెట్టి పచ్చడి చేసుకుంటున్నాను. ఈయనేమో బండిలో పాటలు బాగా వినపడాలని అంత పెట్టె కొనుక్కొచ్చారు. ఇక ప్రేమ ఎక్కడినుంచి పుట్టుకొస్తుంది?

బండి అంటే చెప్పుకోదగ్గ కారేం కాదు, సెకండ్ హ్యాండ్ వ్యాను. తాడేపల్లిగూడెం రైసు మిల్లుల్లో తవుడు బస్తాలు ఎక్కించుకుని, కొల్లేరు వైపు చేపల చెరువుల దగ్గర దించి రావడం మా ఆయన పని. ఆదివారం మాత్రం దాన్ని కడిగి, వెనక సీటు బిగించి, మమ్మల్ని చర్చికో చుట్టాలింటికో తీసుకెళ్ళేవారు. ఎంత కడిగినా తవుడు వాసన పోయేది కాదు. నా పట్టుచీర మడతల్లో కూడా తవుడే.

ఆ పెట్టెను సబ్ ఊఫర్ అంటారని ఆయన నాకు పాఠం చెప్పారు. నేను బాస్ పెట్టె అనేదాన్ని, కోపం వస్తే సవతి అనేదాన్ని. సరిగ్గా వెనక సీటు వీపుకు ఆనించి దాన్ని బిగించారు. అది మోగుతుంటే ఆ సీట్లో కూర్చున్న వాళ్ళకు వీపంతా అదిరిపోయేది. నేను ముందు సీట్లోకి మారిపోయాను.

మా అత్తగారు పోయిన కొన్నాళ్ళకు మావయ్యగారు వట్లూరులో మా ఇంటికి వచ్చేశారు. కొల్లేరు ఒడ్డున ఉన్న ఊరు వాళ్ళది. కౌలు వ్యవసాయం చేసుకుంటూ, అక్కడి చర్చిలో ఏళ్ళ తరబడి డోలక్ వాయించిన మనిషి ఆయన. అత్తగారు పాడితే ఈయన వాయించేవారు. ఆవిడ ఉన్నప్పుడే ఆయనకు చెవులు మందగించడం మొదలైంది. ఆవిడ పోయాక ఒక ఆదివారం పాట అయిపోయినా ఈయన దరువు ఆగలేదట. ముందు వరసలో పిల్లలు కిసుక్కుమన్నారట. కొత్తగా పాడుతున్న అమ్మాయి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని ఆపిందట. ఆ పిల్ల మంచికే ఆపింది. కానీ చెయ్యి పట్టుకోవడం ఆయనకు చెంపదెబ్బ కొట్టినట్టయింది. ఆ రోజే డోలక్‌ను దుప్పట్లో చుట్టేశారు. మా ఇంటికి వచ్చినప్పుడు ఆ మూటా, ఒక రేకు పెట్టే తెచ్చుకున్నారు.

ఏలూరులో డాక్టరుకు చూపించాం. సన్నటి శబ్దాలు ముందు పోతాయని, మనుషుల మాటల్లో సగం అవేనని ఆయన చెప్పారు. చెవి మిషను పెట్టిస్తే అది ఈల వేస్తోందని మావయ్యగారు రేకు పెట్టెలో పారేశారు. ఇక మిగిలింది నా గొంతు. "కాఫీ తాగుతారాండీ?" అని నేను అరిస్తే వీధి చివర ఇస్త్రీ చేసుకునే అతను తలెత్తి చూసేవాడు. కోడలు మామగారిని రోజూ సాధిస్తోందని పేరొచ్చింది. ఒకరోజు మా పాస్టరమ్మగారు వచ్చి, ఓర్పు గురించి చాలాసేపు మెత్తగా చెప్పారు. మావయ్యగారు ఒక్క ముక్క వినపడకపోయినా అన్నిటికీ నవ్వుతూ తల ఊపారు. ఆవిడ వెళ్ళబోతుంటే ఆయనవైపు తిరిగి "ఇంకో ఇడ్లీ వెయ్యనాండీ?" అని అరిచాను. ఆవిడ ఉలిక్కిపడి, తర్వాత సంగతి అర్థమై కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు.

జంగారెడ్డిగూడెంలో ఉన్న మా ఆడపడుచు ఇంటికి వెళ్తున్నప్పుడు నాకు ఆ బాస్ పెట్టె విలువ తెలిసింది. మా ఆయన ఏదో కేసెట్ వెతుకుతూ, పాతది ఒకటి దొరికితే పెట్టారు. ఎప్పుడో ఒక క్రిస్మస్‌కు తనే టేప్ రికార్డర్ అరువు తెచ్చి రికార్డు చేసిన కేసెట్ అది. అత్తగారు పాడారు, మావయ్యగారు వాయించారు. టేప్ రికార్డర్‌ను చాప మీద డోలక్ పక్కనే పెట్టడంతో పాట ఎక్కడో అవతలి గదిలో ఉన్నట్టు, దరువు మాత్రం నెత్తి మీద మోగుతున్నట్టు ఉంటుంది. పాట పాడుచేశావని అప్పట్లో అందరూ మా ఆయన్ని తిట్టారట.

వెనక సీట్లో మావయ్యగారు కళ్ళు మూసుకుని ఉన్నారు. నిద్రపోతున్నారనుకున్నాను. చూస్తే ఆయన వేళ్ళు మోకాలి మీద కదులుతున్నాయి, సరిగ్గా దరువుకు తగ్గట్టు.

"ఇది మన కేసెట్టే కదమ్మా?" అన్నారు.

అవునన్నట్టు తల ఊపాను.

"మీ అత్తగారి గొంతు నాకు వినపడట్లేదు. ఇందాకట్నించి చూస్తన్నాను, ఒక్క ముక్క కూడా రాలేదు. కానీ నా డోలక్కు వీపులో పలుకుతోంది. దరువు పట్టుకుని పోతే తను పాటలో ఎక్కడుందో నాకు తెలిసిపోద్ది. ఇదిగో, ఇప్పుడు రెండో చరణం ఎత్తుకుంది."

నేను చెవి రిక్కించి విన్నాను. ఆ దూరపు గొంతు అప్పుడే రెండో చరణంలోకి వెళ్ళింది. మా ఆయన బండి నెమ్మది చేసి, అద్దంలో వాళ్ళ నాన్నను చూస్తూ నడిపారు. నేను కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. ఏడిస్తే దుమ్ము పడిందని చెప్పే అలవాటు నాకు లేదు. ఏడిచాను, అంతే.

ఆ తర్వాత సాయంత్రం పూట వ్యాను ఇంటి ముందు ఆగి ఉంటే చాలు, మావయ్యగారు తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వెళ్ళి వెనక సీట్లో కూర్చునేవారు. మా ఆయన కేసెట్ పెట్టి, పని ఉన్నట్టు పక్కకు తప్పుకునేవారు. తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోయి బండి స్టార్టయ్యేది కాదు. వీధిలో వాళ్ళు వచ్చి తోసేవారు. వాళ్ళకు సంగతి తెలుసు కాబట్టి ఎవరూ విసుక్కోలేదు. నేను కూడా సవతి అనడం మానేశాను.

తవుడు తిరిగే బండిలోకి ఎలకలు రాక ఏం వస్తాయి! ఒక వానాకాలం వ్యాను కొన్ని రోజులు కదలకుండా ఉండిపోయింది. ఎలకలు లోపల దూరి, తవుడు పొడి తిన్నది చాలక, బాస్ పెట్టెలోని ఊఫర్‌కు ఉన్న స్పాంజి పట్టీని కొరికేశాయి. ఊఫర్ మధ్యలో ఊగే నల్లటి అట్టకూ, బయటి ఇనుప చట్రానికీ మధ్య గుండ్రంగా ఉండే పట్టీ అది. దాని ఆధారంతోనే అట్ట ఊగుతుంది. అది పోయాక పెట్టెలోంచి జరజరమనే చప్పుడు తప్ప ఇంకేం రాలేదు. మా ఆయన ఊఫర్ వైరు పీకేశారు.

ఆ సాయంత్రం మావయ్యగారు ఎప్పటిలాగే వెళ్ళి కూర్చున్నారు. పాట మొదలైంది. చిన్న స్పీకర్లలో అత్తగారి గొంతు వస్తోంది. ఆయన వీపు ఆనించి, కాసేపటికి వెనక్కి చెయ్యి పెట్టి పెట్టెను తడిమి చూశారు. పాట మొత్తం అయిపోయేదాకా అలాగే ఉన్నారు.

"ఇంకా పెట్టలేదేంట్రా?" అని అడిగారు కొడుకుని.

మా ఆయన నా వైపు చూశారు. నేను వెళ్ళి, ఎలకలు కొట్టేశాయని అరిచి చెప్పాను. "ఓహో" అని దిగిపోయారు. మర్నాడు సాయంత్రం నేనే పిలిచాను, మిగతా స్పీకర్లు బాగానే ఉన్నాయి, వచ్చి కూర్చోండి అని.

"ఎందుకులేమ్మా. తను లేదు కదా అందులో" అన్నారు.

అప్పటినుంచి ఆయన తిండి తగ్గింది. పిలిస్తే వచ్చి కూర్చునేవారు, రెండు ముద్దలు కెలికి లేచిపోయేవారు. తల దువ్వుకోవడం మానేశారు. నాకు భయం వేసింది. అత్తగారు పోయినప్పుడు వచ్చినవాళ్ళందరికీ ఆయనే ధైర్యం చెప్పారు. అలాంటి మనిషి ఇప్పుడు ఒట్టి గోడను చూస్తూ కూర్చుంటున్నారు.

కొత్త పెట్టె కొనే మాటెత్తే కాలం కాదది. ఆ ఏడు ప్రభుత్వం వాళ్ళు కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు, తవుడు అడిగే నాథుడు లేడు. ఏలూరులో స్పీకర్లు బాగుచేసే షాపుకు తీసుకెళ్తే, "ఈ మోడల్ పట్టీలు రావట్లేదండీ. కాయిల్ మాత్రం బానే ఉంది" అన్నాడట షాపతను. మా ఆయన ఊఫర్‌ను ఒళ్ళో పెట్టుకుని తిరిగొచ్చారు. దాన్ని వరండాలో నా కుట్టు మిషను పక్కన పెట్టి, ఏం చెయ్యాలో తెలియక ఇద్దరం చూస్తూ కూర్చున్నాం.

మావయ్యగారు మంచినీళ్ళకని బయటికొచ్చి దాన్ని చూశారు. దగ్గరికి వచ్చి వంగారు. గుండ్రటి చట్రం, మధ్యలో అట్ట, చుట్టూ ఖాళీ. అట్ట మీద వేలితో తట్టారు. తట్టిన వేలు అలాగే ఉంచి మా ఇద్దరి వంకా చూశారు.

"ఒరే, ఇది డోలక్కేరా! చుట్టూ తోలు పోయిందంతే. నా పెట్టె ఇలా పట్రండి."

రేకు పెట్టెలో ఆయన దాచుకున్న మేకతోలు ముక్క ఉంది, డోలక్‌కు వేయగా మిగిలింది. దాన్ని నీళ్ళలో నానబెట్టారు. గుండ్రంగా కోసి, పట్టీలా చేసి, అట్ట అంచుకూ చట్రానికీ జిగురు పూసి అతికించారు. చుట్టూ నా బట్టల క్లిప్పులు పెట్టించారు. ఒక పక్క లాగి, దానికి ఎదురు పక్క లాగి, ఎక్కడా ఎగుడు దిగుడు లేకుండా బిగించుకుంటూ వచ్చారు. మధ్యలో నేను ఇడ్లీ పెడితే చేతులు ఖాళీ లేవని నోరు తెరిచారు. నోట్లో పెట్టాను. ఎన్ని తిన్నారో ఆయనకు తెలియదు. ఆ రెండు రోజులూ నాకు పండగలా ఉంది, నిజం చెప్తున్నాను.

ఎండేకొద్దీ తోలు బిగిసి, వేలితో కొడితే ఠంగుమంది. అంత శుభ్రమైన పని నేను చూడలేదు. మా ఆయన దాన్ని పెట్టెలో బిగించి, వైరు కలిపి, కేసెట్ పెట్టారు. మావయ్యగారు చొక్కా మార్చుకుని వచ్చి కూర్చున్నారు.

ఏమీ లేదు. దరువు బదులు పీలగా ఒక తుమ్మెద రొద. మా ఆయన సౌండు పెంచారు, రొద పెరిగింది. మావయ్యగారు అరచెయ్యి పెట్టె మీద పెట్టి, తీసి, మళ్ళీ పెట్టారు. ఆయనకు మేం చెప్పక్కర్లేకపోయింది.

"చెవులు పోయాయంటే సరేలే అనుకున్నాను" అన్నారు. "చేతులు కూడా పోయాయమ్మా."

 కాదండీ, మీ చేతులు బాగానే ఉన్నాయండీ అని అరవబోయి మానుకున్నాను. అలాంటి మాట అరిచి చెబితే ఓదార్పులా ఉండదు. ఆయన వెళ్ళి మంచం మీద అటు తిరిగి పడుకున్నారు.

మర్నాడు ఒక స్కూలు టీచరు నేను కుట్టిచ్చిన జాకెట్టు పట్టుకుని వచ్చింది. "ఏవండీ, బోర్డు మీద రాద్దామంటే చెయ్యి లేవట్లేదండీ. చంక కింద పట్టేస్తోంది" అంది. ఎక్కడ చూసినా జాకెట్టు అతికినట్టు కుదిరింది, ముడత లేదు. చెయ్యి కిందికి ఉన్నంతసేపూ బాగుంది. ఎత్తబోతే లేవదు. కుట్లు విప్పి చంక కింద ముక్క వేద్దామని బ్లేడు తీసుకున్నాను. ఒక కుట్టు విప్పానో లేదో, వ్యాను వైపు చూశాను. ఆవిణ్ణి సాయంత్రం రమ్మని చెప్పి లేచాను.

మావయ్యగారిని లేపి కూర్చోబెట్టాను. "బిగువు ఎక్కువైందండీ! వదులు చెయ్యాలండీ!" అని అరిచాను.

ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి. "వదులు చేస్తే పలుకుద్దా ఎక్కడైనా? వదులైన డోలక్కు ఎలాగుంటదో తెలుసా నీకు? నా పని నాకు చెప్తన్నావా?"

నాకూ చిర్రెత్తింది. మామూలుగా ఆయన ఎదుట నేను నోరు లేపను, అరవడం వేరు. "డోలక్‌ని మీరు కొడతారండీ, అందుకని తోలు బిగువుండాలి! దీన్ని కొట్టేవాళ్ళెవరున్నారండీ? ఇదే ముందుకీ వెనక్కీ ఊగాలి! ఊగనివ్వకపోతే ఎలా పలుకుద్దండీ?"

ఇంతా అరిస్తే ఆయనకు అందింది కొంతే. మాటలు దండగని, ఆయన చంక కింద చొక్కా గుడ్డను గట్టిగా గుప్పిట్లో బిగించి పట్టుకున్నాను. "చెయ్యెత్తండి" అన్నాను. ఎత్తబోయారు, లేవలేదు. నా ముఖం చూశారు. గుడ్డ వదిలేశాను. చెయ్యి లేచింది. లేచిన చేతిని ఆయన కాసేపు అలాగే ఉంచుకుని, దాన్ని చూసుకున్నారు.

"బ్లేడివ్వమ్మా" అన్నారు.

మా ఆయన ఊఫర్ ఊడదీసి తెచ్చారు. అంత అందంగా బిగించిన తోలును ఆయన చేత కోయించడం నాకు ఇష్టం లేకపోయింది. మీ అబ్బాయి కోస్తారు లెండి అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి, నేనే బిగించాను, నేనే కోస్తానని కోశారు. ముఖంలో బాధ కనిపించింది, కానీ కోత ఎక్కడా వంకర పోలేదు.

ఈసారి గుడ్డ నాది. జాకెట్ల లోపల వేసే లైనింగు గుడ్డను సాగేటట్టు క్రాసుగా కత్తిరించాను. అట్టకూ చట్రానికీ మధ్య ఉన్న ఖాళీ కంటే వెడల్పుగా ఉంచి, పఫ్ చేతుల జాకెట్టుకు పెట్టినట్టు ఉబ్బు పెట్టాను. గాలి పోకుండా సైకిలు పంక్చర్లకు వాడే సొల్యూషన్ పూయాలని మా ఆయన అన్నారు. అట్ట మధ్యలో బుడిపె ఊడదీసి, దాని కింద ఉండే తీగ చుట్ట, అదే కాయిల్, పక్కకు ఒరగకుండా సన్నటి ఫిల్ము ముక్కలు దూర్చారు. ఆ ముక్కల కోసం ఆయన కత్తిరించినవి మా పెళ్ళి ఫొటోల నెగెటివ్‌లని తర్వాత తెలిసి కాస్త గొడవ పెట్టుకున్నాను. సొల్యూషన్ పూయడం మాత్రం మావయ్యగారు ఎవరికీ ఇవ్వలేదు. వేలితో తీసి, కోడిగుడ్డును పట్టుకున్నంత మెత్తగా, ఉబ్బు అణగకుండా చుట్టూ పూశారు. బిగించకుండా పని చెయ్యడం ఆయనకు ఎంత కష్టమో నేను చూశాను. అలవాటు కొద్దీ చెయ్యి లాగబోయేది, ఆయనే దాన్ని వెనక్కి తీసుకునేవారు.

ఆరాక మా ఆయన ఫిల్ము ముక్కలు తీసేసి, బుడిపె మళ్ళీ అతికించి, రెండు బొటనవేళ్ళతో అట్టను అదిమారు. నెమ్మదిగా లోపలికి వెళ్ళి, నెమ్మదిగా పైకి వచ్చింది. ఎక్కడా రాసుకోలేదు.

సాయంత్రం పెట్టె బిగించారు. మావయ్యగారు ఈసారి చొక్కా మార్చుకోలేదు. ఆశ పెట్టుకోవడం ఇష్టం లేనట్టు, లుంగీ బనీనుతోనే వచ్చి కూర్చున్నారు. నేను ఆయన పక్కనే వెనక సీట్లో కూర్చున్నాను. మా ఆయన కేసెట్ పెట్టి, ఈసారి పక్కకు వెళ్ళలేదు.

దరువు పడింది. కొత్తలో ఉన్నంత గట్టిగా లేదు, కాస్త మొద్దుగా ఉంది. కానీ వీపుకు తెలిసింది. నాకే తెలిసిందంటే ఆయనకు తెలియకుండా ఎలా ఉంటుంది? ఆయన కళ్ళు మూసుకున్నారు. వేళ్ళు మోకాలి మీదికి వచ్చాయి. పల్లవి అయింది. మొదటి చరణం అయింది.  మా ఆయన స్టీరింగు మీద తల ఆనించి ఉన్నారు, ఆయన భుజాలు కదులుతున్నాయి.

రెండో చరణం మధ్యలో మావయ్యగారి చెయ్యి గాలిలో ఆగిపోయింది. పెట్టెలో దరువు కూడా ఆగింది. కేసెట్ చుట్టుకుందేమోనని, గుడ్డ ఊడిందేమోనని భయపడ్డాను. ముందుకు వంగబోతే ఆయన నా మోచెయ్యి పట్టుకున్నారు.

"ఉండమ్మా. ఇక్కడ మీ అత్తగారికి ఊపిరి అందేది కాదు. ఆయాసం కదా. తను గాలి పీల్చుకునేదాకా నేను ఆగేవోణ్ణి. జనానికి తెలీకుండా."

ఆయన చెయ్యి గాలిలోనే ఉంది. మేం ముగ్గురం కదల్లేదు. దరువు మళ్ళీ పడింది.

"ఆఁ, తీసుకుంది" అన్నారు మావయ్యగారు.